అమ్మమ్మ తుంటిలో వెనిగర్ గిన్నె

"చూడండి, ఎలా వంగుతోందో!"

సైన్స్ టీచర్ చేతిలో కోడి కాలి ఎముక ఉంది. వారం రోజులుగా వెనిగర్ సీసాలో నానిన ఎముక అది. టీచర్ దాని రెండు కొసలూ పట్టుకుని మెల్లగా వంచారు. విరగాల్సిన ఎముక రబ్బరు ముక్కలా వంగింది. క్లాసంతా ఒక్కసారి "ఓ!" అని అరిచింది. వెనక బెంచీవాళ్లు బాగా కనపడాలని బెంచీలెక్కారు.

"ఎందుకిలా..." అని టీచర్ మొదలుపెట్టారు. ప్రశ్న సగంలో ఉండగానే రెండో బెంచీలో ఒక చెయ్యి లేచింది. చెయ్యితో ఆగితే బాగుండేది. చెయ్యితోపాటు గొంతు కూడా లేచింది.

"వెనిగర్‌లో ఎసిడ్ ఉంటుంది టీచర్! అది ఎముకలో గట్టిదనాన్ని తినేసింది!"

"కరెక్టే. కానీ నన్ను ప్రశ్న పూర్తి చెయ్యనివ్వవచ్చు కదా" అన్నారు టీచర్ నవ్వుతూ.

ఆ గొంతు గల పిల్లకి హాజరుపట్టీలో ఒక చక్కటి పేరు ఉంది. ఇప్పుడది ఎవరికీ గుర్తులేదు. బడిలో, ఇంట్లో, వీధిలో అందరూ 'డిక్షనరీ' అనే పిలుస్తారు. పిల్లి ఎందుకు గుర్రుమంటుంది, ఆకాశం నీలంగా ఎందుకుంటుంది, చింపాంజీకి జలుబు చేస్తుందా లేదా, ఏది అడిగినా డిక్షనరీ దగ్గర జవాబు ఉంటుంది. తెలిస్తే గట్టిగా చెబుతుంది. తెలియకపోతే ఇంకా గట్టిగా చెబుతుంది.

బడి వదిలాక డిక్షనరీ నేరుగా అమ్మమ్మ కొట్టుకి వెళ్లింది. అది బొమ్మలు బాగుచేసే కొట్టు. పిల్లలందరూ దాన్ని బొమ్మల ఆస్పత్రి అంటారు. అద్దాల బీరువాలో నయమైన బొమ్మలు కూర్చుని ఉంటాయి. పొడుగు బల్ల మీద నయం కావాల్సినవి పడుకుని ఉంటాయి. పక్కన ఒక డబ్బా నిండా చేతులు, ఒక డబ్బా నిండా కాళ్లు, ఒక డబ్బా నిండా కళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు కళ్ల డబ్బాలోకి చూసి ఉలిక్కిపడుతుంటారు. అమ్మమ్మకి అదొక సరదా. కావాలనే ఆ డబ్బా మూత తీసి ఉంచుతుంది.

అమ్మమ్మ పనిలో అసలు గొప్పదనమంతా కీళ్ల దగ్గర ఉంది. బొమ్మ నడుము దగ్గర చిన్న గుంట ఉంటుంది. కాలి పైకొస బంతిలా గుండ్రంగా ఉంటుంది. లోపలి నుంచి ఒక రబ్బరు తాడు ఆ రెంటినీ లాగి పట్టుకుంటుంది. తాడు పాతబడి కుళ్లితే బొమ్మ కాలు వేలాడిపోతుంది. గుంట అరిగితే కాలు వదులవుతుంది. అమ్మమ్మ గుంటలో మెత్తటి తోలు ముక్కతో అస్తరు వేస్తుంది. కొత్త తాడు ఎక్కించి, బంతిని గుంటలోకి నొక్కుతుంది. టక్ మని శబ్దం వస్తుంది. ఎదురుగా నిలబడ్డ పిల్లకో పిల్లాడికో ప్రాణం లేచొస్తుంది.

ఇన్ని కాళ్లు బాగుచేసిన అమ్మమ్మకి సొంత కాలే మొరాయించింది. డాక్టర్లు ఆర్థ్రైటిస్ అన్నారు. నిలబడితే తుంటి నొప్పి, నడిస్తే ఇంకా నొప్పి. పని బల్ల దగ్గర ఎత్తు స్టూలు ఎక్కాలంటే రెండుసార్లు ఆగి, మూడుసార్లు తిట్టుకుని ఎక్కాలి. ఆ రోజు ఉదయం అమ్మ ఆవిడని పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. డిక్షనరీ కొట్టులో అడుగుపెట్టేసరికి ఇద్దరూ అప్పుడే తిరిగొచ్చి ఉన్నారు.

"డాక్టర్ గారు ఏమన్నారమ్మా?"

"ఆపరేషన్ చెయ్యాలన్నారే. వచ్చే సోమవారం. ఏదో అరిగిపోయిందట. ఎసి... ఉండు." అమ్మ కవర్లోంచి కాగితం తీసి కూడబలుక్కుంటూ చదివింది. "ఎసిటాబ్యులం. అది తీసి కొత్తది పెడతారట."

"ఇంతకీ అదేమిటి?" అంది అమ్మమ్మ.

"అడగడం మర్చిపోయానమ్మా. డాక్టరమ్మ హడావిడిలో ఉన్నారు, మనమూ బయటికొచ్చేశాం."

"సరేలే, మన డిక్షనరీ ఉండగా డాక్టరమ్మ ఎందుకు? చెప్పవే, ఏమిటది?"

కూతురి బొమ్మ కోసం వచ్చిన పోస్టుమాన్ కూడా చెవులు రిక్కించాడు.

డిక్షనరీ ఆ మాట పుట్టి బుద్ధెరిగి వినలేదు. తెలీదు అందామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజమే. కానీ ఆ చిన్న ముక్క నోటిదాకా వచ్చి పళ్ల వెనక నక్కింది. అమ్మమ్మ చూస్తోంది. అమ్మ చూస్తోంది. పోస్టుమాన్ చూస్తున్నాడు. ఎసిటా... ఎసిటా... ఎసిడ్! మధ్యాహ్నం క్లాసులో చూసిన ఎముక కళ్లముందు మెదిలింది.

"ఎసిటా అంటే ఎసిడ్ అమ్మమ్మా! నీ ఎముకలో ఎసిడ్ చేరిందన్నమాట. అది ఎముకని కొంచెం కొంచెంగా తినేస్తుంది. చివరికి ఎముక రబ్బరులా వంగిపోతుంది. ఇవాళే మా టీచర్ చేసి చూపించారు."

"అబ్బో! పిట్ట కొంచెం, కూత ఘనం" అన్నాడు పోస్టుమాన్.

డిక్షనరీ మొహం వెలిగిపోయింది. అమ్మమ్మ మొహం పాలిపోయింది. తన వెలుగులో తను ఉన్న డిక్షనరీ అటు చూడలేదు. అమ్మమ్మ చేతిలో ఉన్న బొమ్మ కాలిని బల్ల మీద పెట్టి, ఇక ఆ సాయంత్రం దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో గొడవ మొదలైంది.

"ఆపరేషన్ వద్దు" అంది అమ్మమ్మ.

"నిన్న సరేనన్నావు కదమ్మా!"

"నిన్న అన్నాను. ఇవాళ వద్దంటున్నాను."

"ఎందుకు?"

"వద్దంటే వద్దు. నన్ను విసిగించకు."

అమ్మమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాన్న బతిమాలాడు, అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. కుందేలుకు నాలుగో కాలు రాలేదు. చివరికి అమ్మ ఆస్పత్రికి ఫోన్ చేసింది. శుక్రవారం మధ్యాహ్నం లోపు ఒప్పుకుంటే సరే, లేకపోతే ఆ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు వాళ్లు. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేమని కూడా అన్నారు. ఆ రోజు బుధవారం.

సాయంత్రం డిక్షనరీ కొట్టుకి వెళ్లేసరికి ఎత్తు స్టూలు ఖాళీగా ఉంది. అమ్మమ్మ వచ్చేపోయేవాళ్లు కూర్చునే కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా పోస్టుమాన్. డిక్షనరీ బీరువా వెనక సంచీ పెడుతుంటే మాటలు వినపడ్డాయి.

"ఇదిగో మీ పాప బొమ్మ. ఇక ఎవరి బొమ్మలూ తీసుకోను నాయనా. ఉన్నవి అప్పగించేసి కొట్టు మూసేస్తాను."

"అదేంటమ్మా! ఆపరేషన్ అయితే నడుస్తారుగా?"

"కుళ్లిన తాడుకి కొత్త కాలు కడితే ఎన్నాళ్లు నిలుస్తుంది? నా పనే నాకు తెలియదా? మా పిల్ల చెప్పింది విన్నావుగా. లోపల ఎసిడ్ తింటుంటే, వాళ్లు పెట్టే కొత్తదాన్ని మాత్రం వదులుతుందా? ఊరికే కోయించుకోవడం దేనికి? ఉన్నన్నాళ్లు కుంటుతాను."

డిక్షనరీ గుండెల్లో రాయి పడింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. వెంటనే వెళ్లి, అమ్మమ్మా అదంతా నా ఊహ అని చెప్పేయాలనుకుంది. కానీ ఒక భయం పట్టుకుంది. ఒకవేళ తను చెప్పిందే నిజమైతే? తను చెప్పింది తప్పో ఒప్పో తనకే తెలియదు! ఇంత పెద్ద మాట అనేసి, అది నిజమో కాదో కూడా తెలియకుండా బీరువా వెనక నిలబడడం డిక్షనరీకి చాలా సిగ్గనిపించింది.

గురువారం మొదటి గంట కొట్టకముందే స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది.

"టీచర్, ఎసిటాబ్యులం అంటే ఏంటి?"

"తుంటి ఎముకలో ఉండే గుంట. తొడ ఎముక తల అందులో కూర్చుని తిరుగుతుంది. ఎందుకు?"

"అందులో ఎసిడ్ ఉంటుందా?"

"ఎసిడా? ఉండదే!"

"మరి ఎసిటా అని ఎందుకు పెట్టారు?"

టీచర్ ఒక్క క్షణం ఆలోచించారు. "నాకు తెలీదు" అన్నారు.

డిక్షనరీ తెల్లమొహం వేసింది. టీచర్ తెలీదన్నారు! మొహం చిన్నబోలేదు. గొంతు తగ్గించలేదు. ఇవాళ గురువారం అన్నంత మామూలుగా అన్నారు. అనేసి ఊరుకోలేదు కూడా. చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టి లేచారు. ఏదో పండగ సెలవు ప్రకటించినట్టు ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి.

"పద, లైబ్రరీలో చూద్దాం. భలే ప్రశ్న అడిగావు."

లైబ్రరీలో వైద్య పదాల నిఘంటువు ఒకటి ఉంది. దాన్ని కిందకి దించడానికి ఇద్దరూ చెరోవైపు పట్టుకోవాల్సి వచ్చింది. టీచర్ వరసల మీద వేలు జరుపుతూ వెతికి, ఒకచోట ఆగి, పకపకా నవ్వారు.

"విను. ఎసిటమ్ అంటే లాటిన్ భాషలో వెనిగర్. నువ్వు అనుకున్నది మరీ తప్పేం కాదు. కానీ ఎసిటాబ్యులం అంటే వెనిగర్ కాదు, వెనిగర్ పోసుకునే చిన్న గిన్నె! వెనకటికి భోజనాల బల్ల మీద అలాంటి గిన్నె పెట్టుకునేవాళ్లట. తుంటి ఎముకలో ఉన్న గుంట అచ్చం ఆ గిన్నెలా కనిపించింది. అదే పేరు పెట్టేశారు."

"అయితే గిన్నెలో వెనిగర్ ఉండదా?"

"చుక్క కూడా ఉండదు. పేరు పెట్టినాయన ఆకలి మీద ఉన్నాడేమో, ఎముకలో గిన్నె కనపడింది!"

డిక్షనరీకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. టీచర్ కంగారుపడి ఏమైందని అడిగారు. అప్పుడు మొత్తం చెప్పేసింది. టీచర్ కోప్పడలేదు. పేజీలు తిప్పి ఆర్థ్రైటిస్ ఎక్కడుందో కూడా చూపించారు. ఆర్థ్రాన్ అంటే గ్రీకు భాషలో కీలు. ఐటిస్ అంటే వాపూ మంటా. అంతే, అందులోనూ ఎసిడ్ లేదు.

"మీ అమ్మమ్మకి ఈ మాట నేనొచ్చి చెప్పనా?" అన్నారు టీచర్.

డిక్షనరీ తల అడ్డంగా ఊపింది. "నేనే చెప్తాను టీచర్. తప్పు చెప్పింది నేనే కదా."

చెప్పడం అంత తేలిక కాలేదు. కొట్టుకి వెళ్లేసరికి అమ్మమ్మ అద్దాల బీరువా ఖాళీ చేస్తోంది. ఒక చెయ్యి కర్ర మీద, ఇంకో చెయ్యి బొమ్మ మీద.

"అమ్మమ్మా, నేను మొన్న ఊహించి చెప్పాను. నాకు అసలు తెలీదు. తెలీదని చెప్పడానికి నామోషీ వేసింది." డిక్షనరీ గబగబా చెప్పుకుపోయింది. "ఎసిడ్ లేదు అమ్మమ్మా. అది వెనిగర్ గిన్నె. అంటే గిన్నెలా ఉన్న గుంట. మన బొమ్మలకి ఉంటుందే, అలాంటిది."

అమ్మమ్మ బొమ్మని పక్కన పెట్టి కుర్చీలో కూలబడింది.

"మొన్న ఎసిడ్ అన్నావు. ఇవాళ గిన్నె అంటున్నావు. రేపు గరిటె అంటావా? నీ మాట ఏది నమ్మమంటావే?"

అమ్మమ్మ డిక్షనరీని నమ్మకపోవడం ఇదే మొదటిసారి. అది చెంపదెబ్బ కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

కానీ గుంట అనగానే అమ్మమ్మలో బొమ్మల డాక్టర్ లేచి కూర్చున్నట్టుంది.

"సరే, గిన్నే అనుకుందాం. అరిగిన గిన్నె తీసి కొత్తది పెడితే దాన్ని దేంతో అతికిస్తారు?"

జిగురుతోనా? సిమెంటుతోనా? మేకులతోనా? మూడు జవాబులు నాలుక చివర నేనంటే నేనని తోసుకున్నాయి. డిక్షనరీ మూడింటినీ మింగేసింది.

"తెలీదు."

"బంతి ఊడి రాకుండా ఏం చేస్తారు?"

"తెలీదు."

"ఎన్నాళ్లు మన్నుతుంది?"

"అదీ తెలీదు అమ్మమ్మా. గిన్నె అన్నది మాత్రం తెలుసు. పుస్తకంలో నా కళ్లతో చూశాను, టీచర్ కూడా చూశారు. మిగతావి డాక్టరమ్మకి తెలుస్తాయి. రేపు పొద్దున్న వెళ్లి అడుగుదాం. మధ్యాహ్నం దాకా టైముంది."

అమ్మమ్మ మనవరాలిని ఎగాదిగా చూసింది. మూతి బిగించింది. మెల్లగా ఆ మూతి ఒక పక్కకి సాగింది.

"పదేళ్ల నుంచీ చూస్తున్నాను, నీ నోట ఈ మాట ఎప్పుడూ వినలేదు. అదీ మూడుసార్లు! ఇన్నిసార్లు తెలీదన్నదానివి, తెలుసన్న ఒక్కటీ నిజమే అయ్యుంటుంది. మీ అమ్మని రేపు సెలవు పెట్టమను."

శుక్రవారం ఉదయం డాక్టరమ్మ వరండాలో ఎప్పటిలాగే గబగబా నడుస్తూ కనిపించారు. అమ్మమ్మ కర్ర అడ్డం పెట్టినంత పని చేసింది.

"ఒక్క పది నిమిషాలు డాక్టరమ్మా. మొన్నే అడగాల్సింది, నోరు రాలేదు. ఇవాళ అడక్కుండా కదలను."

డాక్టరమ్మ వాచీ చూసుకున్నారు, అమ్మమ్మ మొహం చూశారు, నవ్వేసి తన గదిలోకి తీసుకెళ్లారు. ఎసిడ్ కథంతా విని సొరుగులోంచి ఒక పెట్టె తీశారు. అందులో అరచేతిలో పట్టే లోహపు గిన్నె ఉంది. దాని లోపల అమరే తెల్లటి గట్టి ప్లాస్టిక్ గిన్నె ఇంకొకటి ఉంది. నున్నగా మెరిసే బంతి ఉంది.

అమ్మమ్మ కర్ర పక్కన పారేసి రెండు చేతులా వాటిని అందుకుంది. తెల్ల గిన్నెని వేలితో తడిమి చూసింది.

"అస్తరు! ఇది అస్తరే కదా! నేను తోలుతో వేస్తాను."

"అచ్చం అదే" అన్నారు డాక్టరమ్మ ఆశ్చర్యంగా. "బంతి సాఫీగా తిరగడానికి. మీ తుంటిలో ఉన్న మెత్తటి పొర అరిగిపోయింది. అందుకే ఎముకకి ఎముక రాసుకుని నొప్పి. ఏ ఎసిడ్డూ లేదు, ఏదీ దేన్నీ తినడం లేదు."

"దేంతో అతికిస్తారు?"

"ఈ లోహపు గిన్నె వెనక వైపు గరుగ్గా ఉంది చూడండి. మీ ఎముకే మెల్లగా పెరిగి దీన్ని పట్టుకుంటుంది. అవసరమైతే స్క్రూలు కూడా బిగిస్తాం."

"బంతి ఊడి వస్తే?"

"మొదట్లో జాగ్రత్తగా ఉండాలి. బాగా వంగకూడదు, ఎత్తు తక్కువ కుర్చీల్లో కూర్చోకూడదు."

"నాది ఎత్తు స్టూలే. ఎన్నాళ్లు మన్నుతుంది?"

"చాలామందికి ఇరవై ఏళ్లు దాటినా బాగానే ఉంటుంది."

"నేను పెట్టే బొమ్మ కాళ్లు అన్నాళ్లు మన్నితే నా కొట్టు ఎప్పుడో మూతపడేది" అంది అమ్మమ్మ. తర్వాత తెల్ల గిన్నెని లోహపు గిన్నెలో పెట్టి, బంతిని అందులోకి నొక్కింది. టక్ మంది. ఆ శబ్దం వినగానే ఆవిడ మొహం విచ్చుకుంది. బంతిని ఇటు తిప్పింది, అటు తిప్పింది, డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"పని తెలిసినవాళ్లు చేశారు. సోమవారమే కానివ్వండి."

డిక్షనరీ కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

సోమవారం ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడే నడిపించారు కూడా. ఫిజియోథెరపీ అక్క నడక ఫ్రేము పట్టించి, మంచం నుంచి కిటికీ దాకా తీసుకెళ్లింది. అంతవరకు బాగానే ఉంది. వార్డు గుమ్మం దాటమంటే మాత్రం అమ్మమ్మ ససేమిరా అంది. అంత దూరం వెళ్లాక బంతి జారితే ఎవరు దిక్కని ఆవిడ భయం. బుధవారం సాయంత్రం దాకా ఫిజియో అక్క బతిమాలుతూనే ఉంది. కుందేలు మళ్లీ మూడు కాళ్ల మీదే నిలబడింది.

బడి అయ్యాక డిక్షనరీ వచ్చేసరికి వార్డంతా ఆమెకోసమే చూస్తోంది. మనవరాలి గొప్పలు చెప్పకుండా అమ్మమ్మ నోరు ఊరుకుంటుందా? పక్క మంచం మీదున్న మామ్మ బట్టలు కుట్టే ఆవిడ. ఆవిడకి మోకాలు బాగాలేదు. డిక్షనరీని దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నువ్వేనా డాక్టర్ల మాటలకి అర్థం చెప్పే పాపవి? రేపు నాకు ఆర్థ్రోస్కోపీ చేస్తారట. అంటే ఏంటి తల్లీ? కాలు కోసేస్తారా? కుట్టుమిషను తొక్కే కాలమ్మా ఇది."

వార్డులో అందరి కళ్లూ డిక్షనరీ మీదే. ఆర్థ్రో తనకి తెలుసు. స్కోపీ... మైక్రోస్కోపు, టెలిస్కోపు... ఇంచుమించు దొరికినట్టే ఉంది. చెప్పేస్తే మామ్మ ఊరట పడుతుంది. చుట్టూ అందరూ మెచ్చుకుంటారు. నోరు తెరుచుకుంది.

డిక్షనరీ దాన్ని ఒకసారి మూసి, మళ్లీ తెరిచింది.

"ఆర్థ్రో అంటే కీలు మామ్మా. అది పుస్తకంలో చూశాను. స్కోపీ అంటే నాకు తెలీదు. ఊహించి చెప్పను."

"అయ్యో, డిక్షనరీలో పేజీ చిరిగిందా?" అంది ఎదురు మంచం మీది ఆవిడ. వార్డంతా నవ్వింది.

"చిరగలేదు పెద్దమ్మా, ఇంకా అచ్చవ్వలేదు!" అంది డిక్షనరీ. తనకీ నవ్వొచ్చింది. మామ్మ చెయ్యి గట్టిగా నొక్కింది. "మీరు భయపడకండి. ఇప్పుడే డాక్టరమ్మని అడిగొస్తాను."

గుమ్మం దాకా వెళ్లిందో లేదో, వెనక నుంచి కేక వినిపించింది.

"ఆగవే! నువ్వొక్కదానివే వెళ్తే చిన్నపిల్లవని తర్వాత రమ్మంటారు. నేనూ వస్తాను."

అమ్మమ్మ మంచం అంచున కూర్చుని నడక ఫ్రేము అందుకుంటోంది. ఫిజియో అక్క పరుగున వచ్చి పక్కన నిలబడింది. అమ్మమ్మ లేచింది. ఫ్రేము ముందుకి జరిగింది, కాలు ముందుకి పడింది. కిటికీ వైపు కాదు, గుమ్మం వైపు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. బయట పొడుగాటి వరండా, ఆ చివర డాక్టరమ్మ గది.

"బంతి గిన్నెలోనే ఉందా అమ్మమ్మా?" అంది డిక్షనరీ మెల్లగా.

"రాయిలా ఉంది" అంది అమ్మమ్మ. గుమ్మం దాటేసింది.

అమ్మమ్మ నడిచింది! వరండా పొడుగునా నడిచింది. దారిలో మందులబండి నర్సు పక్కకి తప్పుకుని దారిచ్చింది. మిగతా వార్డుల గుమ్మాల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఎవరో చప్పట్లు కొట్టారు, ఇంకెవరో అందుకున్నారు. అమ్మమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. తుంటిలో ఏడాదిగా ఉన్న నొప్పి లేదు. ఆపరేషన్ సలుపు ఉందంతే, అది రేపో మాపో పోయేదే. ఆనందంతో డిక్షనరీకి కళ్లు మసకబారాయి. పక్కన ఫిజియో అక్క, రెండ్రోజులు బతిమాలినా రాని మనిషి ఇదేనా అన్నట్టు చూస్తూ నడిచింది.

తలుపు తెరిచిన డాక్టరమ్మ నోరు వెళ్లబెట్టారు. "మీరు! ఇంత దూరం!"

"ఆ మాట తర్వాత" అంది అమ్మమ్మ. "మా పక్క మంచం ఆవిడ హడలిపోతోంది. మా పిల్ల దగ్గర ప్రశ్న ఉంది, చెప్పండి."

డాక్టరమ్మ ప్రశ్న విని, జవాబు అక్కడే చెప్పి పంపలేదు. తనే వాళ్ల వెంట వార్డుకి వచ్చారు. మామ్మ మంచం మీద కూర్చుని ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశారు.

"స్కోపీ అంటే చూడడం. మీ మోకాలి దగ్గర చిన్న రంధ్రం చేసి, సన్నటి కెమెరా పెట్టి కీలు లోపలికి తొంగి చూస్తాం. చిన్న రిపేరేదైనా ఉంటే అక్కడే చేసేస్తాం. కాలు కొయ్యం."

"తొంగి చూడడమా!" మామ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మిషను ఆగిపోతే నేను మూత తీసి చూసుకుంటానే, అలాగా! ఇంత చిన్న మాట తెలియక రెండ్రోజుల నుంచి చస్తున్నాను కదమ్మా!" ఆవిడ కళ్లనీళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి వార్డంతా నవ్వింది.

డాక్టరమ్మ వెళ్లిపోయాక ఎదురు మంచం పెద్దమ్మ దిండు కిందనుంచి తన కాగితం తీసింది. ఇందాక ఎగతాళి చేసిన మనిషి ఇప్పుడు ఇటూ అటూ చూసి, నెమ్మదిగా అడిగింది.

"పాపా, నా దాంట్లో కూడా ఏదో ఇంత పొడుగు మాట రాశారు. అంటే ఏంటో తెలుసా?"

డిక్షనరీ కాగితం అందుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. మళ్లీ చదివింది. తల పైకెత్తింది.

"తెలీదు!" అంది వార్డు చివరిదాకా వినపడేలా.

అప్పటికే అమ్మమ్మ నడక ఫ్రేముని గుమ్మం వైపు తిప్పేసింది.